లింకన్, యార్క్: యూదుల ఆనవాళ్ల వెంట రెండు రోజులు

1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు ఇంగ్లండ్ నుంచి యూదులందరినీ వెళ్లగొట్టాడు. అంతకుముందు వాళ్లు బతికిన కాలం రాళ్లలో ఎలా మిగిలిందో చూడాలంటే లండన్ కన్నా లింకన్, యార్క్ మేలు.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి లింకన్‌కు నేరు రైలులో సుమారు రెండు గంటలు. స్టేషన్ దిగువన, కెథెడ్రల్ కొండ మీద. మధ్యలో స్టీప్ హిల్ నిటారుగా ఉంటుంది, పైగా రాళ్లు పరిచిన దారి. చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఎక్కలేరు. గది పైన బెయిల్‌గేట్ వైపు తీసుకుని, సామాను టాక్సీలో చేర్చి, దిగుతూ చూడండి. తెల్లవారుజామున రైలుంటే తప్ప స్టేషన్ దగ్గర బస వద్దు.

ముందు కెథెడ్రల్. దక్షిణపు నడవలో బాల హ్యూ సమాధి పీఠం ఉంది. 1255లో ఆ పిల్లవాడి చావును యూదుల మీద మోపి 19 మందిని ఉరితీశారు. అదంతా కట్టుకథేనని ఒప్పుకునే పలక పక్కనే ఉంటుంది, తప్పకుండా చదవండి.

కొండ దిగితే స్ట్రెయిట్ వీధిలో 12వ శతాబ్దపు రాతి ఇల్లు, జ్యూస్ హౌస్ (యూదుడి ఇల్లు). చూడాల్సిన ముఖభాగమంతా వీధిలోంచే కనిపిస్తుంది. గుమ్మం మీది కమాను దగ్గర కాసేపు ఆగండి: అందం కోసమే కట్టింది కాదు, మేడ మీది హాల్లో ఉన్న పొగగూటి బరువును అదే మోసేది. ఆనుకునే ఉన్న జ్యూస్ కోర్ట్‌లో సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు.

యార్క్‌కు సాధారణంగా దారిలో రైలు మారాలి. 1190 మార్చి 16న అక్కడి కోట బురుజులో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు చనిపోయారు. చాలామంది దాడికి వచ్చిన గుంపు చేతికి చిక్కకుండా తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ప్రాణభిక్ష పెడతామని నమ్మించి మిగతావాళ్లను చంపారు. గుంపు అటునుంచటే మిన్‌స్టర్‌కు (యార్క్ కెథెడ్రల్‌కు) వెళ్లి, యూదుల దగ్గర చేసిన అప్పులకు అక్కడ దాచిన పత్రాలు తగలబెట్టింది. నాలుగేళ్లకు ప్రతి అప్పుకూ నకలు పెట్టెల్లో భద్రపరిచే పద్ధతి వచ్చింది.

ఆ చోట ఇప్పుడు కనిపించే బురుజు, క్లిఫర్డ్స్ టవర్, ఆనాటిది కాదు. కాలిపోయింది చెక్క బురుజు. ఈ రాతిది తర్వాతి శతాబ్దంలో కట్టింది. టికెట్ 55 మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లకే. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కకపోయినా పర్వాలేదు, 1978 నాటి స్మారక ఫలకం టవర్ నిలిచిన మట్టిదిబ్బ అడుగునే ఉంది. హడావిడిగా మెట్లెక్కేవాళ్లు దాన్నే వదిలేస్తారు. వసంతంలో దిబ్బ నిండా, యూదుల ఆరు కోణాల దావీదు నక్షత్రాన్ని తలపించే ఆరు రేకుల డాఫొడిల్ పూలు పూస్తాయి.

చివరగా జ్యూబరీ. 1982-83 తవ్వకాల్లో ఇక్కడి యూదుల శ్మశానంలో దాదాపు 500 మంది అస్థికలు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్ ఉంది.