లైవ్ ఫీడ్‌లో ఏ టైమ్‌ను నమ్మాలి? కొన్నేళ్లు వాడాక నా మాట

నా బ్రోకర్ ఇచ్చే షేర్ ధరల లైవ్ డేటా ఫీడ్‌ను హనుమకొండలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద కొన్నేళ్లుగా వాడుతున్నా. ధరల విషయంలో ఫిర్యాదు లేదు. తిప్పలంతా టైమ్‌తోనే.

ఒక్కో టిక్‌లో, అంటే ఫీడ్‌లో వచ్చే ఒక్కో అప్‌డేట్‌లో, రెండు టైమ్‌లుంటాయి. ఆ షేరులో చివరి ట్రేడ్ జరిగింది ఎప్పుడో ఒకటి చెప్తుంది, ఎక్స్ఛేంజ్ ఆ సమాచారాన్ని పంపింది ఎప్పుడో రెండోది. మన సిస్టమ్‌కు చేరిన టైమ్ మూడోది, అది మనమే రాసి పెట్టుకోవాలి. రిలయన్స్ లాంటి షేర్లలో తేడా తెలియదు. వాల్యూమ్ లేని చిన్న షేరులో చూడండి: ఆర్డర్లు మారినప్పుడల్లా ఎక్స్ఛేంజ్ టైమ్ ముందుకు పోతుంటుంది, చివరి ట్రేడ్ మాత్రం పది నిమిషాల కిందటిదై ఉంటుంది. అలాంటి ధర మీద స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా బయటపడే ధర) లెక్కలు కట్టడం దండగ. అందుకే నా స్క్రిప్ట్ (ఈ ఫీడ్‌ను చదివే చిన్న ప్రోగ్రామ్) ముందు చివరి ట్రేడ్ టైమే చూస్తది.

ఫీడ్ ఆలస్యం కొలవాలంటే చేరిన టైమ్‌లోంచి ఎక్స్ఛేంజ్ టైమ్ తీసెయ్యాలి. జవాబు మైనస్‌లో వస్తే ఫీడ్ మెరుపు వేగంతో వస్తోందని కాదు, మన లాప్‌టాప్ గడియారం వెనకబడిందని. ఎన్‌టీపీతో (నెట్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) సరిచేసుకోవాలి. పైగా నా ఫీడ్‌లో టైమ్ సెకన్ల వరకే ఉంటుంది, కాబట్టి అర సెకను ఆలస్యం గురించి వాదించలేం. కస్టమర్ కేర్‌కు ఏం చెప్పినా 'మీ నెట్ స్లో సార్' అంటారు, అది వేరే సంగతి.

క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో నడుస్తాయి. ఉదయం 9:15 క్యాండిల్ (కొంతసేపట్లో ధర ఎంత పెరిగి తగ్గిందో చూపే చార్టు గుర్తు) తెల్లారుజామున 3:45కి కనిపిస్తే డేటా పాడైనట్టు కాదు, ఐదున్నర గంటలు కలపలేదంతే. అదే 14:45 అని చూపిస్తే రెండుసార్లు కలిపినట్టు. ఇంత ముఖ్యమైన సంగతికి బ్రోకర్ డాక్యుమెంట్‌లో ఒక్క లైనుంది.

ఇంకోటి, ఈ ఫీడ్‌లో ప్రతి ట్రేడూ రాదు, మధ్యమధ్యలో స్నాప్‌షాట్లే (ఆ క్షణానికి ధర ఎంతుందో చెప్పేవి) వస్తాయి. మనం కట్టుకున్న నిమిషం క్యాండిల్ హై, లో బ్రోకర్ చార్ట్‌తో అణా పైసలతో సహా కలవాలని పట్టుబట్టొద్దు. స్కాల్పింగ్ (చిన్న లాభానికి వెంటవెంటనే కొని అమ్మడం) చేసేవాళ్లకు ఇది పనికిరాదు. ఐదు నిమిషాల చార్టు చూసేవాళ్లకు చాలు.

ఎనుమాములలో పత్తి వ్యాపారం చేసే మా బావ రాత్రిపూట సరుకుల ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో వెండి చూస్తాడు. ఆయన కూడా ఇదే ఫీడ్ తీసుకున్నాడు. అమెరికా గడియారాలు మారినప్పుడు ఎంసీఎక్స్ ముగింపు రాత్రి 11:30 నుంచి 11:55కు, మళ్లీ 11:30కు మారుతుంది. ఆయన స్క్రిప్ట్‌లో ఆ టైమ్‌ను ఏడాదికి రెండుసార్లు నేనే మార్చి పెడుతున్నా.