ఐఎస్‌ఎల్ 2024-25: మన ఊళ్ల నుంచి ఏ స్టేడియానికి రైలెక్కాలి

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో మన జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానంగా ఆ జట్టు ఆడిన చివరి సీజన్ 2024-25. 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చిన జట్టే ఇది. క్లబ్బు పోవడంతో మనవాళ్లు లీగ్ మ్యాచ్ చూడాలంటే రైలెక్కాల్సిందే. అందుకే ఆ సీజన్ ఆధారంగా ఏ ఊరు వెళ్లదగ్గది, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఇబ్బంది పడతాం అన్న లెక్కలు ఇక్కడ.

ముందు ఒక మాట. ఎక్కువ మ్యాచ్‌లు రాత్రి 7:30కి మొదలవుతాయి. విరామం, అదనపు నిమిషాలు కలిపి 9:25 దాటాకే ముగుస్తాయి. గేటు దాటేసరికి ఇంకో పావుగంట. ప్రయాణం బాగా సాగిందా లేదా అన్నది ఆ తర్వాతి గంటలోనే తేలిపోతుంది. గది వెతికేటప్పుడు స్టేడియానికి దూరం కన్నా రాత్రి పదింటికి అక్కడి నుంచి దొరికే బండి సంగతి ముందు చూసుకోవాలి. ఒకే రోజు రెండు మ్యాచ్‌లుంటే మొదటిది సాయంత్రం 5కి పెడతారు. రాత్రికే తిరుగు ప్రయాణం కావాలనుకుంటే అలాంటి మ్యాచ్ పట్టుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి కేరళ బ్లాస్టర్స్ సొంత ఊరు కొచ్చి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ దాదాపు ఒక రోజులో ఎర్నాకుళం టౌన్‌లో దింపుతుంది. ఆటోవాళ్లతో ‘నార్త్’ అంటే చాలు. దగ్గర్లోనే టౌన్ హాల్ మెట్రో. రెండో స్టేషన్ జేఎల్ఎన్ స్టేడియం, దిగితే మైదానం ఎదురుగానే. మధ్యలో వచ్చే కలూర్ స్టేషన్‌లో దిగకండి. స్టేడియాన్ని అందరూ కలూర్ స్టేడియం అనే పిలుస్తారు కాబట్టి కొత్తవాళ్లు అక్కడే పొరబడతారు. మ్యాచ్ రోజుల్లో మెట్రో వేళలు పొడిగిస్తుంటారు, ఆ వారం ప్రకటన చూసుకోండి. ఎం.జి. రోడ్డు, నార్త్ స్టేషన్, ఇడప్పళ్లి, వీటిలో ఎక్కడ దిగినా గది మెట్రో దారిలోనే ఉంటుంది. ఫోర్ట్ కొచ్చి చూడ్డానికి బాగుంటుంది గానీ మ్యాచ్ రాత్రికి అక్కడ గది తీసుకోవద్దు. వెనక్కి రావడానికి పడవ దొరకదు, టాక్సీవాడు అడిగిందే రేటు.

టికెట్ కొనేటప్పుడు గ్యాలరీ పేరు చూడండి. తూర్పు గ్యాలరీ బ్లాస్టర్స్ అభిమాన సంఘం మంజప్పడది. అక్కడ 90 నిమిషాలూ నిలబడే చూడాలి, కూర్చుంటే ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే పడమర వైపు తీసుకోండి. ఇంకో సంగతి, ఆ సీజన్లో జట్టు వెనకబడటంతో యాజమాన్యం మీద అభిమానులే నిరసనకు దిగారు. పసుపు చొక్కాల అభిమాన సముద్రం చూద్దామని వెళ్లేవాళ్లు జట్టు పట్టికలో ఎక్కడుందో చూసి వెళ్లడం మంచిది.

కోల్‌కతా సంగతి వేరు. ఆట కోసమే వెళ్లేవాడికి ఇంతకు మించిన ఊరు లేదు. సాల్ట్ లేక్ స్టేడియం మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ కూడా సొంత మైదానం. ఆ సీజన్లో మోహన్ బగాన్ 56 పాయింట్లతో, పట్టికలో మొదటి స్థానానికిచ్చే లీగ్ షీల్డ్ గెలిచింది. వరుసగా రెండోసారి గెలిచిన తొలి జట్టు అదే. 2025 ఏప్రిల్ 12న ఫైనల్లో బెంగళూరు ఎఫ్‌సీని అదనపు సమయంలో 2-1తో ఓడించి కప్పు కూడా పట్టేసింది.

అయితే ఫైనల్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక చిక్కుంది. ఆ సీజన్లో పట్టికలో పైనున్న ఫైనలిస్టు మైదానంలోనే ఫైనల్ పెట్టారు. అంటే సెమీస్ అయ్యేదాకా ఊరేదో తెలియదు. రెండు మ్యాచ్‌ల సెమీస్‌లో మోహన్ బగాన్ రెండోది గెలిచింది ఏప్రిల్ 7న, ఫైనల్ 12న. చేతిలో మిగిలేది ఐదు రోజులు. సికింద్రాబాద్-హౌరా ఫలక్‌నుమా మధ్యాహ్నం దాటాక బయలుదేరి మర్నాడు సాయంత్రం చేరుతుంది. ఫైనల్‌కి ముందురోజు ఎక్కితే, బండి రెండు గంటలు ఆలస్యమైందా, మొదటి గోలు ఫోన్లోనే చూడాలి. అంతకు ముందురోజు బండికే తత్కాల్ కొట్టండి. బండి బయలుదేరే ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు.

మెట్రో విషయంలో పాత సలహాలు నమ్మకండి. ఆ సీజన్ నడుస్తున్నప్పుడు గ్రీన్ లైన్ ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్య తెగి ఉండేది. హౌరాలో దిగినవాళ్లు మధ్యలో బస్సో టాక్సీయో పట్టుకోవాల్సి వచ్చేది. 2025 ఆగస్టు 22న ఆ ముక్క కలిసింది. ఇప్పుడు హౌరా స్టేషన్లో ఎక్కితే నేరుగా సాల్ట్ లేక్ స్టేడియంలోనే దిగొచ్చు. గది సియాల్దాలో తీసుకోండి. రొద ఎక్కువే, లాడ్జి గదులు ఇరుకే, కానీ స్టేడియం రెండు స్టేషన్ల దూరం. సెక్టార్ ఫైవ్ హోటళ్లు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టినవి, రేట్లూ అలాగే ఉంటాయి. చివరి మెట్రో ఎప్పుడో ముందే చూసుకోండి. పెద్ద మ్యాచ్‌లకు ప్రత్యేక బండ్లు వేస్తారు గానీ, మామూలు లీగ్ మ్యాచ్‌కి వేస్తారనుకుని కూర్చోవద్దు.

డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు జట్ల పోరు కోసం ముందే విమానం టికెట్ కొనేవాళ్లు 2025 జనవరి 11 గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడాల్సింది కోల్‌కతాలో. గంగాసాగర్ మేళాకి పోలీసులు వెళ్లాల్సి రావడంతో బందోబస్తు కుదరక మ్యాచ్‌ని గువాహటికి మార్చారు. కోల్‌కతాకి టికెట్లు, గదులు కొనుక్కున్నవాళ్ల డబ్బు గంగలో కలిసినట్టే. జనవరి డెర్బీకైతే రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

వైజాగ్, శ్రీకాకుళం వాళ్లకి భువనేశ్వర్ దగ్గర. కళింగ స్టేడియం స్టేషన్‌కి దగ్గరే, సిటీ బస్సు కూడా ఉంది. హాకీ స్టేడియమూ అదే ప్రాంగణంలో ఉంది కాబట్టి, పెద్ద హాకీ టోర్నీ జరిగే వారం గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. రెండు షెడ్యూళ్లూ పక్కపక్కన పెట్టి చూశాకే తేదీ ఖాయం చేసుకోండి.

బెంగళూరుకి కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ ఉంది. దిగాక గ్రీన్ లైన్లో మెజెస్టిక్, అక్కడ పర్పుల్ లైన్‌కి మారితే కబ్బన్ పార్క్, ఆపైన నడక. అక్కడి కంఠీరవ స్టేడియంలో పరుగు ట్రాక్ అడ్డం. కింది వరసల నుంచి ఆట దూరంగా, చదునుగా కనిపిస్తుంది, పై వరసలే నయం. ట్రాక్ లేని మైదానం కావాలంటే గోవా ఫతోర్డా. మడ్గాఁవ్ స్టేషన్‌కి దగ్గర, చిన్నది, కేకలు చెవుల్లో మోగుతాయి. సెమీస్ రెండో మ్యాచ్‌లో ఇక్కడ బెంగళూరు మీద గోవా 2-1తో గెలిచింది. అయినా ఆఖరి నిమిషాల్లో బెంగళూరు ఆటగాడు ఛెత్రీ కొట్టిన గోలుతో రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2గా ఫైనల్‌కి పోయింది బెంగళూరే. కానీ గోవాలో ఓలా, ఉబర్ తిరగవు. గోవామైల్స్ టాక్సీ యాప్ ముందే ఫోన్లో వేసుకోండి, లేదా మడ్గాఁవ్‌లోనే గది తీసుకోండి. కోల్వా బీచ్‌లో దిగితే రాత్రి బస్సులుండవు, టాక్సీ బేరమే గతి. సికింద్రాబాద్-వాస్కో రైలు వారానికి రెండు రోజులే, ఆ రోజుల్ని బట్టి మ్యాచ్ ఎంచుకోవాలి.

ముంబై, జంషెడ్‌పూర్, ఢిల్లీ మ్యాచ్‌లు వేరే పని మీద ఆ ఊళ్లో ఉంటేనే చూడండి. ఢిల్లీలో పంజాబ్ ఎఫ్‌సీ సొంత ఊరికి దూరంగా ఆడింది, గ్యాలరీలు బోసిపోయాయి.

సామాను విషయం అన్నిచోట్లా తలనొప్పే. సంచులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, లైటర్లు, చిల్లర నాణేలు, హెల్మెట్లు గేటు దగ్గరే ఆపేస్తారు, దాచిపెట్టే గది ఉంటుందన్న నమ్మకం లేదు. రైలు దిగి నేరుగా స్టేడియానికి వెళ్లేవాళ్లు సంచి స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. అక్కడ తాళం లేని సంచి తీసుకోరు, చిన్న తాళం వెంట ఉండాలి. కొన్నిచోట్ల ఆన్‌లైన్ టికెట్‌ని కౌంటర్లో చూపించి కాగితం టికెట్ తీసుకోవాలి. ఆ వరసకి గంట పట్టొచ్చు.

నెల్లూరు, తిరుపతి వాళ్లకి చెన్నై ఒక్కటే రాత్రికి రాత్రి వెళ్లొచ్చే ఊరు. పెరియమేడు నెహ్రూ స్టేడియం సెంట్రల్ నుంచి నడిచే దూరమే. కానీ మ్యాచ్ అయ్యేసరికి సాయంత్రం రైళ్లు వెళ్లిపోయి ఉంటాయి. ఆంధ్ర బస్సులు కోయంబేడులో దొరకవు, మాధవరం బస్టాండుకి పోవాలి. సిటీ బస్సు కోసం చూడకుండా స్టేడియం బయటే ఆటో మాట్లాడుకోండి.