కొలిచి చూశాకే చేయి వేసిన షాపు: ఆటోనగర్‌లో మా పాత కారు బ్యాటరీ రిపేరు

మా 2006 మోడల్ పెట్రోలు కారును మూడు రోజులు తీయకపోతే నాలుగో రోజు ఉదయం సెల్ఫ్ తీసుకునేది కాదు. ఇంటి దగ్గరి గ్యారేజీలో బ్యాటరీ పాతబడిందని కొత్తది వేశారు. నెల తిరగకముందే అదీ దిగిపోయింది. ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ 14.1 వోల్టులు వస్తోంది కనుక డైనమో (ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు) బాగానే ఉందని కూడా వారే తేల్చారు. ఇంకో బ్యాటరీకి డబ్బు పోయడం ఇష్టం లేక విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపులో సాయంత్రం పూట కారు వదిలి, మర్నాడు పొద్దున్నే వెళ్లి పక్కనే నిలబడ్డాను.

మేస్త్రీ నెగటివ్ కేబుల్ విప్పి, దానికీ బ్యాటరీ టెర్మినల్‌కూ మధ్య కరెంటు కొలిచే మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో కలిపారు. లోపలి లైటు వెలిగితే లెక్క తప్పుతుందని, తెరిచి ఉన్న తలుపు స్విచ్చును టేపుతో నొక్కి ఉంచారు. పావుగంట ఆగాక మీటరు 0.42 చూపింది. ఆపి ఉంచిన ఇలాంటి కారు 0.05 ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. 0.42 అంటే రోజుకు 10 ఆంపియర్ అవర్లు. మా 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజులకు మించి ఎలా నిలుస్తుంది?

ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా తీసి చూసినా అంకె దాదాపు కదలలేదు. చాలామంది ఇక్కడే వైరింగ్ మొత్తం మార్చాలంటారు. ఈయన మాత్రం డైనమో వెనుక అరచేయి ఆనించి, నన్ను కూడా పట్టుకుని చూడమన్నారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను చల్లగా ఉంటే, డైనమో వెనుక భాగం మాత్రం గోరువెచ్చగా తగిలింది. “ఇక్కడ కరెంటు లీకవుతోందండీ, బ్యాటరీ తప్పేమీ లేదు” అన్నారు. బ్యాటరీ పూర్తిగా వేరుచేసి, డైనమోకు వచ్చే లావు కేబుల్ విప్పి, దాని కొసకు టేపు చుట్టి, బ్యాటరీకి మళ్లీ మీటరు కలిపి కొలిస్తే 0.02కు పడిపోయింది. డైనమోలోని డయోడ్లు ఛార్జింగ్ కరెంటును బ్యాటరీకి పంపడంతో పాటు, బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా కూడా ఆపాలి. అవి వెనక్కి వదులుతున్నా ఛార్జింగ్ మామూలుగానే కనిపించవచ్చని అప్పుడు అర్థమైంది.

డయోడ్ ప్లేటు మార్చి, పాతదాన్ని అడగకుండానే నా చేతిలో పెట్టారు. పరీక్షతో కలిపి 1,900 రూపాయలు తీసుకున్నారు. అయితే బిల్లులో సామానుకెంత, కూలికెంత అని విడిగా రాయలేదు. గ్యారంటీ కూడా నోటిమాటే. ఇంత జాగ్రత్తగా పనిచేసే షాపు ఆ రెండూ కాగితం మీద పెట్టాలని నా కోరిక. మీటరు పని ఆయన ఒక్కరే చూస్తారు కనుక రోజంతా ఖాళీ చేసుకుని వెళ్లాలి.

మొన్న ఎనిమిది రోజులు ఊళ్లో లేను. వచ్చాక కొలిస్తే బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. తాళం తిప్పగానే బండి స్టార్టయింది.