హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు దుబాయ్ మీదుగా: తొమ్మిదేళ్లుగా తిరుగుతూ

హైదరాబాద్, డల్లాస్ భూగోళానికి ఇంచుమించు చెరో పక్కన ఉన్నాయి. మధ్యలో అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి తొమ్మిదేళ్లుగా నేను దుబాయ్ మీదుగానే తిరుగుతున్నాను.

దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,900. చుట్టూ తిరిగి పోతున్నట్టు అనిపిస్తుంది గానీ, అతి దగ్గరి దారి కంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. మొదటిసారి అమ్మను తీసుకొస్తున్నప్పుడు ముందు సీటు వెనకున్న తెరమీద మ్యాప్ చూసి, ‘అమెరికా పడమర అంటివి, మరి గిది పైకి పోతుందేంది బిడ్డా?’ అని అడిగింది. దుప్పటి అంచును బంతిలా చుట్టి, దాని మీద వేలితో గీత గీసి చూపించాను. అప్పటి నుంచి విమానం ఎక్కగానే ఆ మ్యాపే పెట్టమంటుంది.

సమయం సంగతికొస్తే, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల ఆగుడు, ఆ తర్వాత పదహారు గంటలు. మొత్తం 23. తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కితే అదే తేదీ మధ్యాహ్నం డల్లాస్‌లో దిగుతాం. చలికాలంలో రెండు ఊళ్ల గడియారాలకూ పదకొండున్నర గంటల తేడా మరి. కానీ మాది వరంగల్. అక్కడ ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి ఇక్కడ డల్లాస్‌లో ఇమిగ్రేషన్ దాటి ఇల్లు చేరేదాకా లెక్కేస్తే 31, 32 గంటలు పడుతుంది. పెద్దవాళ్లను తీసుకొచ్చేటప్పుడు చూసుకోవాల్సిన లెక్క ఇదే. తిరుగు ప్రయాణంలో దుబాయ్ దాకా గంటకు పైగా కలిసొస్తుంది, పైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఒక డిసెంబర్‌లో టికెట్ కాస్త తక్కువకు వస్తోందని దుబాయ్‌లో గంటా ఇరవై నిమిషాల కనెక్షన్ తీసుకున్నాను. శంషాబాద్‌లో పొగమంచు, విమానం గంట ఆలస్యం. దుబాయ్‌లో దిగాక మళ్లీ సెక్యూరిటీ చెక్, మోకాళ్ల నొప్పులతో అమ్మ నడక. గేటు దగ్గరికి చేరేసరికి మూసేశారు. ఆ రాత్రంతా అక్కడే. అమ్మ బీపీ మాత్రలు చెక్-ఇన్ పెట్టెలో, ఆవకాయ సీసా పక్కన ఉండిపోయాయి. తెల్లవార్లూ అమ్మ చేయి పట్టుకునే కూర్చున్నాను. అంత టెన్షన్ మళ్లీ ఎప్పుడూ పడలేదు.

అప్పటి నుంచి మూడు గంటల కంటే తక్కువ కనెక్షన్ కొనను. నాలుగైనా ఫర్వాలేదు. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడుగుతాను. మాత్రలు, డాక్టర్ చీటీ అమ్మ భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉంటాయి. పదహారు గంటల దారిలో నడవ పక్క సీటు తప్పనిసరి, ఎందుకంటే రెండు గంటలకోసారి లేచి నడవకపోతే అమ్మ పాదాలు వాచి చెప్పులు పట్టవు.

వచ్చే నెల అమ్మ మళ్లీ వస్తోంది. ఈసారి దుబాయ్‌లో మూడు గంటల నలభై నిమిషాలు.