నెలకు రెండుసార్లు తెరిచేవారికీ పూర్తి లైసెన్సేనా? జిరా, అజూర్ డెవ్‌ఆప్స్ ధరల తీరుపై సమీక్ష

ప్రాజెక్టు ట్రాకింగు సాఫ్ట్‌వేరుతో డెవలపర్లకు, టెస్టర్లకు రోజంతా పని ఉంటుంది. అకౌంట్స్ విభాగంవారు, క్లయింటు తరఫు మేనేజరు మాత్రం నెలకు రెండు మూడుసార్లు లాగిన్ అయి, తమ టికెట్ (అందులో నమోదు చేసిన పని లేదా సమస్య) ఎంతవరకు వచ్చిందో చూసి, ఒక కామెంటు రాసి వెళ్లిపోతారు.

అట్లాసియన్ సంస్థ జిరా ఈ తేడాను పట్టించుకోదు. యాక్సెస్ ఇచ్చిన ప్రతి ఖాతా, దాన్ని వాడినా వాడకపోయినా, ఒక సీటుగా, అంటే ఒక లైసెన్సుగా, లెక్కకు వస్తుంది. 10 మంది వరకు ఉచితమే గాని, పదకొండో మనిషిని చేర్చాలంటే, అతడు ఏడాదికోసారి వచ్చే ఆడిటరే అయినా, మొత్తం పదకొండుమందికీ చెల్లించవలసిందే. ఇదే సంస్థ జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్‌లో టికెట్లు పరిష్కరించే ఏజెంట్లకే రుసుము, పోర్టల్‌లో టికెట్ పెట్టేవారికి ఉచితం. అయితే పోర్టల్‌లో వారికి బ్యాక్‌లాగ్ (చేయవలసిన పనుల జాబితా) కనిపించదు.

మైక్రోసాఫ్ట్ అజూర్ డెవ్‌ఆప్స్‌లోని స్టేక్‌హోల్డర్ యాక్సెస్ ఈ విషయంలో చాలా మెరుగు. ఎంతమందికైనా ఉచితంగా ఇవ్వవచ్చు. వారు వర్క్ ఐటమ్ (ఇక్కడ టికెట్‌కు ఉన్న పేరు) సృష్టించగలరు, స్థితి మార్చగలరు, కామెంటు రాయగలరు, రిలీజులకు ఆమోదం కూడా తెలుపగలరు. ప్రైవేటు ప్రాజెక్టులో కోడు మాత్రం చూడలేరు, కొత్త ట్యాగు సృష్టించలేరు. అకౌంట్స్ విభాగానికి కోడుతో పనేముంది గనుక, ఇది లోటని నేననుకోను. పూర్తి సదుపాయాలు కావలసినవారికి బేసిక్ లైసెన్సు మొదటి 5గురికి ఉచితం.

డబ్బు మిగులుతుందని నలుగురికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చే పద్ధతి కొన్ని ఆఫీసుల్లో ఉంది. నిబంధనల మాట అటుంచితే, టికెట్ చరిత్రలో “క్లయింట్ టీమ్ స్థితి మార్చింది” అని మాత్రమే మిగులుతుంది. ఆ మార్పు ఎవరు చేశారని మూడు నెలల తర్వాత అడిగితే చెప్పేవారుండరు. అంతకంటే 2006 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ట్రాకింగు సాఫ్ట్‌వేరు రెడ్‌మైన్ నయం. లైసెన్సు ఖర్చు లేదు, సర్వరు సంరక్షణ మాత్రం మీదే.

ఇప్పటికే జిరాలో స్థిరపడినవారు ఇంత మాత్రానికే మారనక్కరలేదు. రెన్యూవల్‌కు ముందు యూజర్ల జాబితాలో చివరిసారి ఎప్పుడు వాడారో చూసి, అవసరం లేనివారి యాక్సెస్ తొలగించండి. వారి పాత కామెంట్లు టికెట్లలో అలాగే ఉంటాయి.