రివ్యూ చూడాలా, టాక్ వినాలా? విలన్ సినిమాకి ఏది మేలు

మా బావ సినిమాకి వెళ్లే ముందు రివ్యూ చదవడు. ముందు రోజు సెకండ్ షో చూసొచ్చినవాడు ఎవడో ఒకడికి ఫోన్ కొడతాడు. "ఏటి, టాక్ ఎలాగుంది?" అంటాడు. అవతలివాడు ఏం చెప్పాడన్నది అంత ముఖ్యం కాదట, చెప్పే ముందు ఎంతసేపు ఆగాడన్నదే అసలు రివ్యూ అట. ఠక్కున "బావుంది, ఎల్లొచ్చు" అంటే టికెట్ తీసేస్తాడు. "ఆఁ... ఓసారి చూడొచ్చు" అన్నాడా, ఫోన్ పెట్టేసి విశాఖ ఆర్కే బీచ్‌కి నడుస్తాడు.

నేను శాతాల మనిషిని. విమర్శకుల రివ్యూలన్నీ పోగేసి శాతం చెప్పే రాటెన్ టొమాటోస్ సైట్‌లో అంకె చూడందే టికెట్ కొనను. మామూలు సినిమాలకి మా ఇద్దరి పద్ధతీ ఒకే చోటికి తీసుకెళ్లేది. కామిక్ పుస్తకాల్లో విలన్‌ని పట్టుకొచ్చి హీరోని చేసిన సినిమాల దగ్గరే తేడా కొట్టేది. ఆ రకం సినిమాలకి రాసేవాళ్లూ చూసేవాళ్లూ ఒక మాట మీద ఉండటం అరుదు.

2018 అక్టోబర్ 5న 'వెనమ్' వచ్చింది. టామ్ హార్డీ హీరో. అమెరికా విమర్శకులు దుమ్మెత్తిపోశారు. వాళ్లలో పర్లేదన్నవాళ్లు 30 శాతం దగ్గరే ఆగిపోయారు. భయపెట్టాలో నవ్వించాలో తెలియని సినిమా అన్నది ప్రధానమైన ఫిర్యాదు. నేను ఆ అంకె చూసి మానేశాను. బావ తర్వాతి మంగళవారం నన్ను లాక్కెళ్లాడు. గురువారం ఎన్టీఆర్ సినిమా దిగుతోంది, ఆ తర్వాత దీనికి సింగిల్ స్క్రీన్ దొరకదని అతని తొందర. తిత్లీ తుఫాను కబుర్లు టీవీల్లో నడుస్తున్నాయి. జగదాంబ సెంటర్‌కి దగ్గర్లో ఒక పాత హాలు, తెలుగు డబ్బింగ్, సగం నిండిన బాల్కనీ.

ఆ సినిమాలో ఒక సీనుంది. హీరో ఒంట్లోకి వేరే గ్రహం జీవి దూరుతుంది. ఆకలి తట్టుకోలేక ఖరీదైన రెస్టారెంట్‌లోకి వెళ్లి పక్కవాళ్ల ప్లేట్లలో చేయి పెడతాడు. ఆఖరికి లాబ్‌స్టర్లు ఉంచిన నీళ్ల తొట్టిలో దిగి కూర్చుని, బతికున్నదాన్ని ఒకటి తీసి కొరుకుతాడు. మా ముందు వరసలో ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు. ఒకడు లేచి నిలబడి, "ఒరే, ఉడకబెట్టుకుని తినరా, కడుపునొప్పొస్తాది!" అని అరిచాడు. రెండోవాడు కూర్చునే, "దాని కేజీ రేటెంతో తెలిస్తే ఆడలా కొరకడు" అన్నాడు. హాలు దద్దరిల్లిపోయింది. తర్వాత రెండు నిమిషాల డైలాగులు ఎవరికీ వినపడలేదు, ఎవరూ బాధపడలేదు కూడా. విమర్శకులు తప్పు పట్టినదే అక్కడ విందయింది. భయమో నవ్వో తేలకపోతే మన హాలు నవ్వునే పట్టుకుంటుంది.

లోకమంతటా ఇంచుమించు అదే జరిగినట్టుంది. ఆ సినిమా మొత్తం 85 కోట్ల డాలర్లు దాటింది. అందులో 26 కోట్లకి పైగా ఒక్క చైనాలోనే.

ఆ రాత్రి ఇంటికొస్తూ బావ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

తర్వాత కూర్చుని చూస్తే, తప్పు అంకెది కాదు, నేను చదివిన తీరుది. మనం ఏ అంకెనైనా పరీక్ష మార్కులా చదువుతాం. 30 శాతం అంటే పదికి మూడు మార్కులు కాదు. వందమంది విమర్శకుల్లో 30 మంది పర్లేదన్నారని, అంతే. 60, ఆపైన వస్తే ఎర్ర టొమాటో, తగ్గితే చితికిన పచ్చ మచ్చ. ఈ లెక్కన అందరూ పదికి ఆరు వేసిన చప్పిడి సినిమాకి నూటికి నూరు రావచ్చు. సగం మంది నెత్తిన పెట్టుకుని సగం మంది తిట్టిపోసినది 50 దగ్గర ఆగిపోతుంది. విలన్ సినిమాలు ఎక్కువగా ఈ రెండో రకం. ఇక ఆ పక్కనే కనిపించే ప్రేక్షకుల శాతం ఉంది చూశారూ, 2019 నుంచి దానికి టికెట్ కొన్నట్టు రుజువైన ఓట్లనే ముందు చూపిస్తున్నారు. ఆ రుజువు అక్కడి టికెట్ సైట్ల నుంచి వచ్చేది. మద్దిలపాలెంలో కొన్న టికెట్‌కి అందులో చోటు లేదు.

బావ ఫోన్ కాల్ లాంటి పద్ధతి అమెరికాలోనూ ఒకటుంది. సినిమాస్కోర్ అంటారు. లాస్ వెగాస్‌లో 1979లో మొదలైన సంస్థ. మొదటి రోజు షో నుంచి బయటికొచ్చేవాళ్ల చేతికి కార్డులిచ్చి, స్కూల్లో గ్రేడ్ వేసినట్టు ఒక అక్షరం వేయించుకుంటారు. మొదటి రోజు డబ్బులు పెట్టి వెళ్లేవాడు అప్పటికే సగం ఇష్టపడి వెళ్తాడు కదా, అందుకే ఆ అక్షరాన్ని ఒక మెట్టు కిందికి దించి చదవాలి. బి అంటే పెళ్లిభోజనం తిని చేయి కడుక్కుంటూ "పర్వాలేదు" అన్నట్టు. సి అంటే పాయసం వడ్డించకముందే విస్తరి మడిచేసినట్టు. డి వచ్చిందంటే పెళ్లివారితోనే గొడవ పడ్డారన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 2016లో వచ్చిన 'సూసైడ్ స్క్వాడ్'కి విమర్శకుల దగ్గర 26 శాతం, ప్రేక్షకుల దగ్గర బి ప్లస్. (అప్పట్లో రివ్యూలు చూసి ఒళ్లు మండిన అభిమానులు రాటెన్ టొమాటోస్‌నే మూసెయ్యాలని వేల సంతకాలు సేకరించారు. సినిమా తీసిన వార్నర్ సంస్థకే అందులో వాటా ఉందని చాలామంది చూసుకున్నట్టు లేదు.) 'వెనమ్'కి కూడా బి ప్లస్. వెనిస్ సినిమా పండగలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ గెలిచి, హీరోకి ఆస్కార్ తెచ్చి, వంద కోట్ల డాలర్లు దాటిన 2019 నాటి 'జోకర్'కి ఎంతో తెలుసా? అదీ బి ప్లస్సే. అంటే ఆ అక్షరానికి గొప్ప సినిమా, గోల సినిమా అన్న తేడా తెలియదు. వెళ్లినవాడు ఏది ఆశించి వెళ్లాడో అది దొరికిందా లేదా అన్నదొక్కటే అది చెబుతుంది. బావ మిత్రుడు ఫోన్‌లో ఎంతసేపు ఆగాడన్నదీ అదే చెబుతుంది.

అలాంటప్పుడు రెండో 'జోకర్' చూద్దాం. 2024 అక్టోబర్ 2, గాంధీ జయంతి సెలవు. అహింసా దినాన విలన్ సినిమాకి నలుగురం బయల్దేరాం. సముద్రం పక్కన మల్టీప్లెక్స్, పార్కింగ్, పాప్‌కార్న్ కలిపి లెక్క వెయ్యి దాటింది. మా పక్క సీట్లో ఇంజినీరింగ్ కుర్రాడొకడు, ఎవరి పెళ్లికో కుట్టించుకున్న మెరూన్ బ్లేజర్ వేసుకుని, ముఖానికి తెల్లరంగు, పెదాలకి ఎర్రరంగు పూసుకుని వచ్చాడు. లైట్లు ఆరకముందే పదిమంది వాడితో సెల్ఫీ దిగారు.

సినిమా మొదలైంది. పాట వచ్చింది. వాళ్ల ప్రచారంలో ఇది పాటల సినిమా అని గట్టిగా చెప్పనేలేదు. రెండో పాటకి ఫోన్లు వెలిగాయి. పాట రాగానే బయటికెళ్లడం మనకి పుట్టుకతో వచ్చిన విద్యే, కానీ ఇక్కడ బయటికెళ్లినవాడు తిరిగొచ్చేసరికి ఇంకో పాట నడుస్తోంది. ఇంటర్వెల్ తర్వాత ఎప్పుడో పక్కకి చూశాను. కుర్రాడు పాప్‌కార్న్‌తో ఇచ్చిన టిష్యూలతో ముఖం తుడుచుకుంటున్నాడు. రంగు పూర్తిగా పోలేదు, చెవుల దగ్గర తెల్లగా మిగిలింది. తెర మీద హీరో కోర్టులో నిలబడి జోకర్ అనేవాడు లేడు, ఉన్నది నేనే అని ఒప్పుకుంటున్నాడు. ఆ మాట వినడానికి ముఖానికి రంగేసుకుని ఎవడొస్తాడు!

అమెరికాలో ఆ సినిమాకి వచ్చిన అక్షరం డి. మొదటి వారాంతం మూడున్నర కోట్ల డాలర్ల పైన, రెండో వారాంతానికి అందులో 81 శాతం ఊడిపోయింది. మొత్తం 20 కోట్ల చిల్లర, ఖర్చు కూడా దాదాపు అంతేనని రాశారు. విమర్శకుల శాతం ఎంతంటారా, ఇంచుమించు అదే ముప్పై. 'వెనమ్'కి వచ్చిందీ దీనికి వచ్చిందీ ఒకటే అంకె, ఒకటి 85 కోట్లు, ఇంకోటి 20 కోట్లు. శాతాన్ని నమ్ముకునేవాడిగా నేను దిగిపోయింది ఇక్కడే.

కానీ బావ పద్ధతి పూర్తిగా గెలిచిందని రాయలేను, ఎందుకంటే ఆ రోజు మాతో అక్క కూడా ఉంది. బయటికొచ్చి బీచ్ రోడ్డు మీద మొక్కజొన్న కండె కాల్పించుకుంటూ మేమంతా తిడుతుంటే అక్క అంది: "మొదటిదాంట్లో వాడు చంపుతుంటే ఈలలేశారు కదా. ఇందులో వాడు నేను మీరనుకున్నవాణ్ని కాదు అంటే కోపమొచ్చింది. కోపం వాడి మీదా, మీ ఈలల మీదా?" బావ కండె తింటూ ఉండిపోయాడు. తర్వాత ఇంట్లో రాత్రిపూట ఒక్కణ్నీ కూర్చుని మళ్లీ చూశాను. పాటలు అప్పుడూ ఎక్కువే అనిపించాయి. కానీ ఆ మనిషి ఒంటరితనం హాల్లో కంటే ఇంట్లో బాగా పట్టింది. చుట్టూ నిరాశపడినవాళ్లు రెండొందల మంది లేకపోతే సినిమా వేరుగా కనబడుతుంది.

ఇదే తిప్పి చూడండి. లాక్‌డౌన్‌లో 'వెనమ్'ని మా ఆవిడకి టీవీలో చూపించాను, లాబ్‌స్టర్ సీన్ వస్తోంది చూడు చూడు అని ఊరించి మరీ. వచ్చింది, వెళ్లింది. "ఇంతేనా?" అంది. ఉడకబెట్టుకోరా అనేవాడు లేడు మరి. నాకా రోజు నచ్చింది సినిమాయో హార్బర్ కుర్రాళ్లో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంకో విలన్ సినిమా 'మోర్బియస్' గురించి ఎక్కువ అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 1న వచ్చింది, ఇక్కడ రాజమౌళి సినిమా రెండో వారంలోకి వెళ్తున్న రోజు. అక్కడ ప్రేక్షకులు సి ప్లస్ ఇచ్చారు, రెండో వారాంతానికి 74 శాతం పడిపోయింది. తర్వాత దాని మీద మీమ్స్ వరదలా వచ్చాయి. ఆ సందడి చూసి జూన్‌లో వెయ్యికి పైగా థియేటర్లలో మళ్లీ వేస్తే వారాంతం మొత్తానికి మూడు లక్షల డాలర్లు వచ్చాయి, అంటే హాలుకి మూడొందలు. ఫోన్‌లో నవ్వేవాడు బుకింగ్ కౌంటర్ దాకా రాడు. టాక్ అంటే ఇది కాదు.

కాబట్టి ఇప్పుడు నా పద్ధతి ఇదీ. అంకె చూడను, తిట్టిన రివ్యూలు ఓ రెండు చదువుతాను, దేనికి తిట్టారో చూస్తాను. "లాజిక్ లేదు, గోల, ఎక్కడ నవ్వాలో తెలియదు" అన్నారా, బావకి ఫోన్ చేసి సింగిల్ స్క్రీన్‌లో, తెలుగులో, వీలైతే నేల దగ్గర సీటు చెప్తాను. "నత్తనడక, దేనికోసం వచ్చామో అది లేదు" అన్నారా, అప్పుడు అక్షరం చూస్తాను, సి కనబడితే ఓటీటీకి వచ్చేదాకా ఆగుతాను. అన్నిటికంటే నిజం చెప్పేది రెండో వారాంతం లెక్కే. 'సూసైడ్ స్క్వాడ్' బి ప్లస్ పెట్టుకుని కూడా 67 శాతం పడింది, అభిమానం మొదటి వారంతోనే అయిపోయిందని అర్థం. కాకపోతే ఆ లెక్క తేలేసరికి పది రోజులు పడుతుంది, ఆలోపు మన ఊళ్లో ఇలాంటి సినిమాకి మిగిలేది ఏ ఉదయం పదింటి షోనో ఒక్కటి.

ఒక్క 'క్రేవెన్' మాత్రం ఆ అవకాశమిచ్చింది. అమెరికాలో 2024 డిసెంబర్ 13న విడుదలై, మన దగ్గరికి కొత్త సంవత్సరం రోజున వచ్చింది. అప్పటికే అన్నీ చేతిలో ఉన్నాయి: అక్షరం సి, మొదటి వారాంతం కోటీ పది లక్షల డాలర్లు, రివ్యూలు సరేసరి. బావ మొదటిసారి నన్నే అడిగాడు, "నీ టమాటా ఏటంటోంది?" అని. వద్దన్నాను. సరే అన్నాడు. జనవరి ఒకటిన భీమిలి వెళ్దామని అనుకుని, చివరి నిమిషంలో అక్కని మాతో పంపించి తాను స్నేహితులతో మ్యాట్నీకి వెళ్లిపోయాడు.

ఇంటర్వెల్‌కి నేనే ఫోన్ చేశాను. "బావా, టాక్ ఎలాగుంది?"

అవతల పాప్‌కార్న్ మెషీన్ చప్పుడు చాలాసేపు వినిపించింది.