పాత ఎస్‌యూవీకి బ్యాటరీ మార్చే ముందు ఒక్కసారి మీటరు పెట్టి చూడండి

మా డీజిల్ ఎస్‌యూవీకి పద్నాలుగేళ్లు దాటాయి. వచ్చే ఏడాది 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. ఫిట్‌నెస్ చేయించి ఇంకో 5 ఏళ్లు రెన్యూవల్ చేయించుకోవాలని నా కోరిక. ఇంజిన్ గట్టిగానే ఉంది, ఏడిపించేదల్లా కరెంటు పనే. అందుకే ఈ సమీక్ష బండి గురించి కాదు. కొన్నేళ్లుగా దాని డాష్‌బోర్డు అరలో ఉంటున్న చిన్న డిజిటల్ మల్టీమీటరు గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. డీసీ వోల్టులు రెండు దశాంశాల దాకా చూపించే మీటరు ఏదైనా నేను చెప్పబోయే ముఖ్యమైన పరీక్షకు సరిపోతుంది.

దాని మిగతా స్కేళ్లు అందరికీ తెలిసినవే. నాకు ప్రాణం లేచొచ్చేలా చేసింది ఒక్కటే, వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. వైరు తెగిందా లేదా అన్నది కాదు, లోడ్ పడినప్పుడు, అంటే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడు, ఆ వైరు ఎన్ని వోల్టులు మింగేస్తోందో చూడటం.

మాది కాకినాడ. పని మీద ఉప్పాడ బీచ్ రోడ్డులో ఎక్కువగా తిరుగుతుంటాను. ఆ ఉప్పు గాలికి ఇంటి గేట్లే తుప్పు పట్టి రాలిపోతాయి, ఇక బండి కింద వైర్ల సంగతి చెప్పేదేముంది. రెండేళ్ల కిందట వానాకాలంలో సెల్ఫ్ బరువుగా తిరగడం మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజిన్ మూలుగుతూ అందుకునేది. ఏసీ, హెడ్‌లైట్లు కలిపి వేస్తే వెలుతురు మసకబారేది. లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కాస్త పైకి జరిగేది, ఆపగానే దిగిపోయేది. ఇంజిన్ మాత్రం ఏమీ వేడెక్కేది కాదు.

ఒక షెడ్డులో బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే వరస. ఇంకోచోట డైనమో చార్జింగ్ సరిగ్గా లేదని విప్పి బాగుచేశారు. ఆ తర్వాత సెల్ఫ్ మోటారు బ్రష్‌లు, బుష్‌లు. డబ్బు పోయిందన్న బాధ ఎప్పుడో తీరింది. కానీ ఇన్ని చోట్ల తిరిగినా సెల్ఫ్ కొడుతుండగా ఒక్కరూ మీటరు పట్టి చూడలేదే అన్న కోపం ఇంకా తగ్గలేదు. పార్టు మార్చి చూద్దాం అనడమే తప్ప, కరెంటు ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం అన్నవాళ్లు లేరు.

చివరికి లారీల కరెంటు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరం బాబాయ్ అంటాం. అంతా విని, "నీ దగ్గర మీటరుందిగా బాబూ, పట్రా. ముందు ఎర్త్ సంగతి తేల్చేద్దాం" అన్నాడు. ఎర్త్ అంటే కరెంటు ఇంజిన్, బాడీల మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. ఇంజిన్ అందుకోకుండా ఇంజెక్షన్ రిలే పీకి పక్కన పెట్టాడు. మా బావ సీట్లో కూర్చున్నాడు.

మొదట ప్రోబ్‌లు రెండూ బ్యాటరీ మీదే పెట్టాం. ఊరికే ఉన్నప్పుడు 12.6, సెల్ఫ్ కొట్టినప్పుడు 11.1. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కిందికి పడిపోతే అప్పుడు దాన్ని అనుమానించాలి. తర్వాత నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాం. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపు మీద కాదు, సరిగ్గా బ్యాటరీ సీసం పోస్టు మీదే. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ మీద రంగు లేనిచోట ఆనించి, "బావా, కొట్టు" అన్నాను.

2.1 వోల్టులు! ఆ రెండింటి మధ్య 0.2 లోపే ఉండాలి, మహా అయితే 0.3. సెల్ఫ్ మోటారుకు అందాల్సిన దాంట్లో రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఇక ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ వెళ్లాం. పోస్టుకీ క్లాంపుకీ మధ్య దాదాపు ఏమీ లేదు. క్లాంపు నుంచి బాడీ బోల్టు దాకా 0.05. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య పెట్టగానే మిగతాదంతా అక్కడే కనిపించింది. బండి కింద దూరి చూస్తే గేర్‌బాక్స్ పక్కన అల్లిక రాగి ఎర్త్ పట్టీ. పైకి బాగానే ఉంది. లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు కొన) దగ్గర వంచగానే పచ్చటి పొడి రాలింది, పోగులు సగం చేతికొచ్చేశాయి. కొత్త రాగి కేబుల్‌కి లగ్గులు నొక్కించి, బోల్టు చోటు ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశాం. మళ్లీ చూస్తే 0.15. బ్యాటరీ ధరలో పదో వంతు కూడా కాలేదు. టెంపరేచర్ ముల్లు ఆ రోజు నుంచి లైట్లకు కదల్లేదు. సెన్సార్‌కి ఎర్త్ ఇంజిన్ మీదుగానే కదా, లోడ్ పెరిగితే ఆ పట్టీ దగ్గర తేడా పెరిగి ముల్లుకు తప్పుడు లెక్క అందేది.

అడ్డును (రెసిస్టెన్స్) కొలిచే ఓమ్స్ స్కేల్లో ఇది దొరకదు. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతుంటే ఓమ్‌లో వందో వంతు అడ్డు చాలు, 2 వోల్టులు పోవడానికి. మీటరు వైర్లకే అంతకన్నా ఎక్కువ అడ్డు ఉంటుంది. ఈ మీటరు కొన్న కొత్తలో వైరు తెగకుండా ఉంటే మోగే దాని బీప్‌ని అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. బల్బు వైరుకీ, ఫ్యూజుకీ ఇప్పటికీ అదే వాడతాను. లావు కేబుళ్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మడం లేదు, ఆ కుళ్లిన పట్టీకి కూడా బీప్ శుభ్రంగా మోగింది.

తర్వాత మరో ఉపయోగం కూడా కనిపించింది. బండి నాలుగైదు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోయేది. తలుపులు లాక్ చేసి అరగంట ఆగి, ఫ్యూజులేవీ పీకకుండా ఒక్కోదాని నెత్తిమీది రెండు లోహపు చుక్కల మధ్య మిల్లివోల్టులు చూశాను. కరెంటు పారని ఫ్యూజు దగ్గర సున్నా వస్తుంది. పారుతుంటే అంకె కనిపిస్తుంది. ఒక ఎర్ర 10 ఆంపియర్ల ఫ్యూజు దగ్గర దొరికింది, బయట వేయించిన రివర్స్ కెమెరా దానిమీదే నడుస్తోంది.

లోపాలున్నాయి. ఆటో రేంజింగ్, అంటే స్కేలు తానే ఎంచుకునే రకం కాబట్టి అంకె నిలబడటానికి ఒక సెకను పడుతుంది, సెల్ఫ్ కొట్టిన తొలి క్షణం కనిపించదు. కనిష్ఠం, గరిష్ఠం పట్టి ఉంచే బటన్ లేదు కాబట్టి తోడు మనిషి కావాలి. వైర్లు నాసిరకం, మార్చేశాను. ఇంకోసారి కొంటే ఆ బటన్ ఉన్నదే కొంటాను.

మాది సముద్రపు ఊరు, బండి పాతది, పక్కనే బాబాయ్ ఉన్నాడు. అందుకే నాకు ఇది ఇంతగా పనికొచ్చింది. బండి వారంటీలో ఉన్నవాళ్లు వైర్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది. కొత్త మోడళ్లలో సగం జబ్బులు స్కానర్ పెడితేగానీ బయటపడవు. ఏ బండి అయినా సరే, పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మాత్రం ప్రోబ్ పెట్టకండి.